ఆఖరున్న ఆట

గొప్పలు చెప్పుకోవడం మా ఇంట్లో తప్పు కాదు. "చేసినోళ్ళు చెప్పకపోతే సూసినోళ్ళు ఎన్ని దినాలు చెప్తరే?" అనేది మా అజ్జి. కాబట్టి నేను మొహమాటపడకుండా ముందే చెప్పేస్తున్నాను. జహీరాబాద్ గడ్డ మీద వీడియో గేమ్‌ను ఆఖరిదాకా ఆడి గెలిచిన మొదటి మనిషిని నేనే. అప్పటికి నాకు పదమూడేళ్ళు. పరికిణీ కట్టుకుని, రెండు జడలు వేసుకుని, అరచేతుల్లో ఎర్రగా పండిన గోరింటాకుతో గెలిచాను. కాదనేవాళ్ళు ఎవరైనా ఉంటే రమ్మనండి.

మా తమ్ముడి కొడుకు ఫోన్ చేతిలో పెట్టుకుని, "ఆ ఆట పేరు చెప్పత్తా, రెండు నిమిషాల్లో వెతికిస్తా" అంటుంటాడు. పేరు మాకు తెలిస్తే కదా చెప్పడానికి! మేం దాన్ని గుహల ఆట అన్నాం, అంతే. వాడు ఇప్పటికి చాలా ఆటలు చూపించాడు. అన్నీ నున్నగా, మెరుస్తూ, సినిమాల్లా ఉన్నాయి. ఏదీ అది కాదు. దొరకకపోయినా నాకేం దిగులు లేదు. ఏ మలుపు తర్వాత ఏ గబ్బిలం వస్తుందో, ఏ రాయి మీద కాలు పెడితే అది మునిగిపోతుందో ఈ రోజుకీ కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆ నీలం రంగు గుహలంటే నాకు అంత ప్రేమ.

మాది బీదర్ వైపు నుంచి వచ్చి జహీరాబాద్‌లో స్థిరపడిన కుటుంబం. నాన్నను అప్ప అంటాం, అమ్మను అవ్వ అంటాం, నానమ్మను అజ్జి అంటాం. బొంబాయి రోడ్డు మీద, ఊరు దాటి చిరాగ్‌పల్లి వైపు పోతుంటే ఎడమ పక్కన మాకొక హోటల్ ఉండేది. లారీల వాళ్ళు ఆగి జొన్న రొట్టెలు తినిపోయే హోటల్. అజ్జి గంగమ్మ రొట్టెలు కొట్టేది. నాకు చెన్నమ్మ అని పేరు పెట్టింది కూడా ఆవిడే. అవ్వ పప్పు, కూర చూసుకునేది. మా అప్ప విరూపాక్షకు సొంత లారీ ఒకటి ఉండేది.

అప్ప పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగిందంతా పిల్లల గొడవలా అనిపిస్తుంది. మా దగ్గర అల్లం బాగా పండుతుంది. రైతులు అల్లం బస్తాలు మా అప్ప లారీకి ఎత్తి, చేతులు దులుపుకుని ఇంటికి పోయేవారు. కాగితం లేదు, సంతకం లేదు. బొంబాయి మండీలో ఏ ధర పలికిందో అప్ప తిరిగొచ్చి చెప్పాలి. దారిలో ఎంత కుళ్ళిపోయిందో కూడా ఆయనే చెప్పాలి. ఆయన చెప్పిందే ధర, ఆయన చెప్పిందే నష్టం. ఎవరైనా గొణిగితే పక్కవాళ్ళే, "విరూపాక్ష చెప్పిండు కదా, ఊకో" అనేవారు. లారీలు ఊళ్ళో చాలా ఉన్నాయి. ఆ మాట మాత్రం మా అప్ప ఒక్కడి గురించే అనేవారు. మా ఇంటి పొయ్యి ఆ మాట మీదే వెలిగేది.

ఎనభై ఆరు చలికాలంలో ఆయన బొంబాయి నుంచి ఆ పెట్టెను తెచ్చాడు. అక్కడెవరో ఆటల దుకాణం మూసేసి, సామాను మోసినందుకు కిరాయి బదులు ఆ పెట్టెను అంటగట్టారట. బీరువా అంత ఎత్తు, ముందు టీవీ లాంటి అద్దం, కింద ఒక కర్ర, రెండు మీటలు. అవ్వ నెత్తి కొట్టుకుంది. అజ్జి దానికి కుంకుమ బొట్టు పెట్టింది. హోటల్ మూలన దాన్ని నిలబెట్టి వైరు తగిలించగానే, టింగుటింగుమని పాట మొదలై, చీకట్లో ఎర్ర చొక్కా పిల్లవాడొకడు చేతిలో కట్టెతో గుహ ముందు నిలబడ్డాడు. ఆ క్షణం నుంచి నేను వాడి మనిషిని.

తెర మీద రాతలు ఇంగ్లీషు కాదు, హిందీ కాదు. జపాన్ రాతలని తర్వాత ఎవరో చెప్పారు. చదవలేం కాబట్టి అన్నిటికీ మేమే పేర్లు పెట్టుకున్నాం. లారీల హోటల్ కదా, కర్రను గేరు అన్నారు. కట్టెతో కొట్టే మీట హారన్. ఎగిరే మీట బ్రేకు. అది ఎందుకు బ్రేకు అయిందో ఎవరూ అడగలేదు. ఇక ఆ ఎర్ర చొక్కా వాడు మల్లప్ప. రాయికోడ్ నుంచి గొర్రెలు తోలుకొచ్చే మల్లప్ప కూడా అచ్చం అలాగే కట్టె పట్టుకుని వంగి నడిచేవాడు మరి. ఒక రోజు ఆ అసలు మల్లప్ప టీ తాగడానికొచ్చి, "మల్లప్ప సచ్చిండు! మల్లప్ప మల్ల సచ్చిండు!" అనే కేకలు విని, టీ వదిలేసి లేచిపోయాడు. అజ్జి వెనకే పరుగెత్తి బతిమాలి తీసుకొచ్చింది.

మల్లప్పకు మూడు ప్రాణాలు. దాటాల్సినవి నాలుగు చోట్లు. మొదటిది గబ్బిలాల గుహ. తర్వాత నది, అందులో తేలే రాళ్ళు. ఆ తర్వాత చెట్ల మధ్య దొర్లుకుంటూ వచ్చే బండలు. నాలుగోది పెద్ద గుహ. దాని చివర రాతి తలుపు, తలుపు ముందు పడగ విప్పిన పచ్చటి పాము. హారన్ మీద హారన్ కొడితే పాము ఎర్రబడి, బుసకొట్టి, చివరికి చచ్చేది. గంటలు మోగేవి. పక్కన అంకెలు గిర్రున తిరిగేవి. కానీ తలుపు తెరుచుకునేది కాదు. పైనుంచి గుహ కూలి మల్లప్ప మీద పడేది. ఎవరు ఆడినా అంతే. పామును ఇంకా త్వరగా చంపితే, గుహ కూలేలోపు తలుపు దాకా పరుగెత్తొచ్చని అందరి నమ్మకం. అందుకని అందరూ పామును చంపడం సాధన చేశారు. అందులో మా లారీ క్లీనర్ నర్సింలును మించినవాడు లేడు. ఇరవై ఏళ్ళవాడు, ఇనుము లాంటి బొటనవేలు. వాడు హారన్ కొడుతుంటే పెట్టె వణికేది.

నేను మధ్యాహ్నాలు హోటల్ ఖాళీగా ఉన్నప్పుడు ఆడేదాన్ని. రద్దీ ఉన్నప్పుడు ఆడపిల్లకు గేరు దొరకదు కదా. నర్సింలు పక్కన నిలబడి, "జర నిమ్మళం చెన్నీ, రాయి వచ్చినంక దుంకు" అని నేర్పేవాడు. బడి నుంచి రాగానే పుస్తకాలు విసిరేసి గుహలోకి పోయేదాన్ని. ఆ నది రాళ్ళ మీద ఎగురుతుంటే నేను జహీరాబాద్‌లో ఉన్నట్టు అనిపించేది కాదు. నిజం చెప్పాలంటే అంత ధైర్యంగా నేను ఇంకెక్కడా నడవలేదు.

గొడవ తెచ్చింది గురులింగప్ప. ఆయన అల్లం రైతుల్లో పెద్ద. న్యాయం చెప్పాలన్నా, పెళ్ళి ముహూర్తానికి మాట కలపాలన్నా ఆయన్నే పిలుస్తారు. చెడ్డవాడేం కాదు. కానీ ఆయన కొడుకులిద్దరూ పొలానికి నీళ్ళు పెట్టమంటే మా పెట్టె ముందు దొరికారు. శ్రావణం ఎక్కిన తొలిరోజుల్లో ఒక పొద్దున ఆయన మా హోటల్‌కు వచ్చి, నిలబడి నర్సింలు ఆట మొత్తం చూశాడు. గుహ కూలింది. మల్లప్ప చచ్చాడు.

"విరూపాక్షా, దీనికి ఆఖరున్నదా?" అని అడిగాడు.

"ఉన్నది కాకా" అన్నాడు అప్ప.

"ఉంటే ఇన్ని నెలల సంది ఒక్కడన్న సూడకపాయె. ఎవడు పోయినా పాము కాడనే సస్తున్నడు. బండి ఎక్కితే ఊరు రావాలె. ఆఖరు లేనిదాన్ని పెట్టి పోరగాండ్లను తిప్పుతున్నవ్. గిది ఆట గాదు, ధోకా."

"ధోకా ఎట్లయితది కాకా? ఆఖరున్నది. బొంబైల నా కండ్లతోని సూసిన."

హోటల్లో అందరూ చెవులు రిక్కించారు. మేమెవ్వరం ఆ మాట అంతకుముందు వినలేదు.

"అట్లనా? ఏమున్నది ఆఖరుకు?"

"నేనే చెప్తే మీరు సూసేదేముంటది?" అన్నాడు అప్ప నవ్వుతూ. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. గురులింగప్ప నవ్వలేదు.

"సరే. పంచమి నాడు పొద్దు గూకేలోపల సూపియ్యి. ఎవరితోనన్న ఆడిపియ్యి. సూపిస్తే నీ డబ్బా జోలికి రాను. సూపియ్యకపోతే ఒక్క మాట అడుగుత. డబ్బా మీద అబద్ధమాడినోడు అల్లం మీద ఆడడా?"

అప్ప మొహం నల్లబడింది. ఆయన కోపిష్టి. వేరే ఎవరైనా ఆ మాట అని ఉంటే గల్లా పట్టుకునేవాడు. పెద్దాయన కాబట్టి, "సూపిస్త" అని మాత్రం అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. మా అప్పను పట్టుకుని అబద్ధాలకోరంటాడా!

ఆ రోజు నుంచి నర్సింలుకు వేరే పని లేదు. లారీ కడగొద్దు, టైర్లు చూడొద్దు, ఆడు అన్నాడు అప్ప. వాడి బొటనవేలు వాచిపోయి అజ్జి పసుపు కట్టింది. అయినా గుహ కూలుతూనే ఉంది. దానికితోడు కరెంటు. పొలాల్లో మోటార్లన్నీ తిరిగే వేళ వోల్టేజీ పడిపోయి, తెర నాలుగు వైపుల నుంచీ ముడుచుకుని తువ్వాలంత అయ్యేది. మల్లప్ప అటు అంటే ఇటు పోయేవాడు. ఊళ్ళో చూస్తే రైతులు మా అప్పతో మామూలుగానే మాట్లాడుతున్నారు, కానీ వచ్చే పంటకు లారీ మాట ఎవరూ ఎత్తడం లేదు. పంచమి దాటనీ అన్నట్టు ఉన్నారు.

నేను ఒకసారి అప్ప పక్కన కూర్చుని, "అప్పా, ఆఖరుకు ఏముంటది? నాకన్న చెప్పు, ఎవరికీ చెప్ప" అన్నాను.

"సూస్తవ్ లే" అన్నాడు. అంతే, లేచిపోయాడు. ముందే చెప్తే మజా పోతుందని దాచాడనుకున్నాను.

నాగుల పంచమి వచ్చింది. మా వైపు అది ఆడపిల్లల పండుగ. పెళ్ళయిన ఆడవాళ్ళు పుట్టింటికి పోతారు. అవ్వ అంతకుముందు రోజే తమ్ముణ్ణి చంకనేసుకుని బీదర్ బస్సెక్కింది. ఆ రోజు పొయ్యి మీద పెనం పెట్టరు, కత్తి పట్టరు, నేల తవ్వరు, నాగలి కట్టరు, పొలానికి నీళ్ళు కూడా పెట్టరు. పుట్టలోనూ, పక్కనున్న నాగప్ప రాతి మీదా పాలు పోసి, పేలాలు, పల్లి ఉండలు తిని, వేప కొమ్మలకు ఉయ్యాలలు కట్టి ఊగుతారు. అజ్జి పెనాన్ని కడిగి బోర్లించేసింది. లారీ ఆపి రొట్టె అడిగినవాళ్ళకు, "ఇయ్యాల రొట్టె లేదు నాయినా, పేలాలు తిను" అని దోసిట్లో పోసి పంపింది.

మోటార్లన్నీ ఆగిపోవడంతో కరెంటు పొద్దుటి నుంచే నిండుగా ఉంది. తెర అంత కాంతిగా వెలగడం నేను మొదటిసారి చూశాను. గుహ గోడల మీద ఆకుపచ్చ పాకుడు కూడా కనిపిస్తోంది. అప్ప ముఖంలో ఆశ పుట్టింది. మధ్యాహ్నం దాటాక గురులింగప్ప పుట్ట దగ్గర పాలు పోసి, నుదుట విభూతితో, పది మంది రైతులను వెంటబెట్టుకుని వచ్చాడు. పండుగ కదా, పనుల్లేక ఇంకా చాలామంది వచ్చి గుమిగూడారు.

నర్సింలు మొదలుపెట్టాడు. గబ్బిలాలు దాటాడు, నది దాటాడు, బండలు దాటాడు. పాము పడగ విప్పింది. వాడు పసుపు కట్టిన బొటనవేలు పైకెత్తాడు. సరిగ్గా అప్పుడే పల్లి ఉండల పళ్ళెంతో అజ్జి లోపలికొచ్చింది.

"ఏయ్! ఏం జేస్తున్నవ్‌రా?"

నర్సింలు ఉలిక్కిపడ్డాడు. గేరు కదిలింది. పాము కాటేసింది.

"పంచమి నాడు నా ఇంట్ల పామును కొడ్తవా? చెయ్యి ఇరుస్త!"

"అజ్జీ, గది బొమ్మ" అన్నాడు వాడు భయంభయంగా.

అప్ప కూడా తన తల్లిని బతిమాలాడు. "అవ్వా, బొమ్మనే. అద్దంల బొమ్మ. జర ఊకో."

"పొద్దున పాలు పోసిన నాగప్ప గూడ రాయే కదరా. రాయికి దండం పెట్టి, బొమ్మను కొడ్తరా? బొమ్మయితే పామని ఎందుకంటున్నరు మరి?"

అందరూ గురులింగప్ప వైపు చూశారు. ఆయన విభూతి తుడుచుకోలేదు కదా, ఆయన మాత్రం ఏమనగలడు? "గంగక్క చెప్పింది న్యాయమే. ఇయ్యాల పామును కొట్టొద్దు" అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "కానీ విరూపాక్షా, పొద్దు గూకేదాక్కనే మాట" అన్నాడు.

కొట్టకుండా దాటే దారి లేదు. కొట్టడానికి వీల్లేదు. నర్సింలు చేతులు కట్టుకుని పక్కకు జరిగాడు. "నాతోని కాదు ఉస్తాద్" అన్నాడు. అప్ప గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మా అప్ప అలా గోడకు ఆనుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. మూడు రోజులు నిద్ర లేకుండా లారీ నడిపొచ్చినా నిటారుగా నిలబడేవాడు. నాకు ఏడుపొచ్చింది, వెంటనే ఆ ఏడుపు మీద కోపమొచ్చింది.

"నేను ఆడ్త. పామును కొట్టకుండనే ఆడ్త" అన్నాను.

ఎవరో నవ్వారు. "మొగోళ్ళతోనే కాలే, పోరితోని అయితదా?" అన్నారు వెనక నుంచి. అజ్జి పళ్ళెం బల్ల మీద టక్కున పెట్టింది. "పంచమి ఆడపిల్లల పండుగ. ఇయ్యాల ఆడపిల్ల నోరు తెరిచి అడిగితే కాదనొద్దు. జరుగున్రి" అంది. జరిగారు.

ఆటను మళ్ళీ మొదటి నుంచి పెట్టి, నేను గేరు పట్టుకున్నాను. నిండు కరెంటులో మల్లప్ప నా వేళ్ళ కొసల్లో ఉన్నట్టు కదిలాడు. గబ్బిలాలను వంగి తప్పించాను. నది రాళ్ళ మీద ఒక్క అడుగు తడబడలేదు. బండలు వస్తుంటే నర్సింలు నేర్పినట్టే రెండో చెట్టు చాటున ఆగి, మూడోది దాటి పరుగెత్తాను. చెప్పానుగా, నాకు సిగ్గులేదు. అంత అందంగా ఆ ఆటను ఎవరూ ఆడలేదు. వెనక నవ్వులు ఆగిపోయాయి.

పెద్ద గుహలోకి వచ్చాను. పాము పడగ విప్పింది. బ్రేకు నొక్కి దాని మీంచి దూకబోయాను. గాల్లోనే కాటేసింది. ఒక ప్రాణం పోయింది.

మళ్ళీ నిలబడ్డాను. ఈసారి వెనక్కి పరుగెత్తాను, వెంటపడితే తలుపు ఖాళీ అవుతుందని. వెంటపడింది. మల్లప్ప కంటే అదే వేగంగా ఉంది. రెండో ప్రాణం కూడా పోయింది.

ఒక్కటే మిగిలింది. బయట ఎండ అప్పటికే రోడ్డు అవతలి చెరకు తోటల మీదికి వాలిపోతోంది. ఇది పోతే మళ్ళీ మొదటి గుహ నుంచి మొదలుపెట్టి ఇక్కడిదాకా రావడానికి పొద్దు చాలదు. నా వెనక అప్ప ఊపిరి వినిపిస్తోంది.

పాము పడగ విప్పి నా వైపు జరగడం మొదలుపెట్టింది. ఏం చేయాలో తెలియలేదు. కొట్టకూడదు. దూకకూడదు. పారిపోకూడదు.

"అజ్జీ, ఏం జెయ్యాలె?" అని అరిచాను, చూపు తిప్పకుండా.

"పాము ఎదురైతే ఏం జేస్తరే?" అంది అజ్జి, ఇదేం పిచ్చి ప్రశ్న అన్నట్టు. "కదలకుంట నిలవడి దండం పెడ్తరు."

నేను గేరు వదిలేశాను. మీటలు వదిలేశాను. గోరింటాకు చేతులు రెండూ జోడించి తెరకు దండం పెట్టాను.

"అరెరె, ఇడిసిపెట్టింది!" అన్నాడు నర్సింలు. ఎవరో అయ్యో అన్నారు. గేరు పట్టుకొమ్మని ఇంకెవరో అరిచారు. నేను పట్టుకోలేదు. పాము మల్లప్ప కాళ్ళ దగ్గరికి వచ్చింది. పడగ ఎత్తి, వాడి మొహంలోకి చూస్తున్నట్టు ఆగింది. అది ఎర్రబడలేదు. పచ్చగానే ఉంది. కొట్టినప్పుడే అది ఎర్రబడుతుందని, ఎర్రబడ్డాకే గుహ కూలుతుందని నాకు ఆ క్షణంలో తెలిసింది. అది మెల్లగా పడగ దించి, మల్లప్ప పాదాల మీదుగా పాకుతూ పోయి, గోడలోని కన్నంలో దూరింది. గంటలు మోగలేదు. సన్నటి వేణువు లాంటి చప్పుడొకటి వచ్చింది, అప్పటిదాకా ఆ పెట్టె నుంచి మేం వినని చప్పుడు. రాతి తలుపు పైకి లేచింది.

హోటల్లో ఒక్కసారిగా కేక పుట్టింది. నేను గేరు అందుకుని మల్లప్పను తలుపులోంచి నడిపించాను.

అవతల గుహ లేదు. ఆకాశం ఉంది. తెల్లవారుతున్న ఆకాశం, కింద గడ్డి, దూరంగా ఒక చిన్న ఇల్లు. మల్లప్ప ఇక నా చేతిలో లేడు, వాడంతట వాడే నడుస్తున్నాడు. ఇంటి ముందుకు పోయి, అన్నాళ్ళుగా వదలని కట్టెను గోడకు ఆనించి, గడప మీద కూర్చున్నాడు. అంతే. పాట నెమ్మదించింది. జపాన్ రాతలు కింది నుంచి పైకి పాకాయి. వాడు అలా కూర్చునే ఉన్నాడు. నాకు కళ్ళు నిండిపోయాయి. ఎన్ని నెలలు ఎంతమంది చేతుల్లో చచ్చాడు పాపం, చివరికి ఇంటికి చేరాడు.

మెల్లగా తలలన్నీ మా అప్ప వైపు తిరిగాయి. చూసినవాడు ఆయనొక్కడే కదా. ఇది ఆఖరో కాదో ఆయనే చెప్పాలి.

"గిదేనా, విరూపాక్షా?" అన్నాడు గురులింగప్ప.

అప్ప గోడ వదిలి ముందుకొచ్చాడు. తెర వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "గిదే కాకా. గిదే ఆఖరు" అన్నాడు గట్టిగా.

గురులింగప్ప చాలాసేపు తెర చూశాడు. తర్వాత భుజం మీది శాలువా తీసి మా అప్పకు కప్పబోయి, మళ్ళీ ఏమనుకున్నాడో, వంగి నాకు కప్పాడు. అది నా కాళ్ళ దాకా వచ్చింది. "పామును మొక్కి దారి అడిగిన పోరివి నువ్వొక్కదానివే" అన్నాడు. ఆ వెంటనే రైతుల వైపు తిరిగి, అందరికీ వినబడేలా, "ఈ యేడు నా అల్లం విరూపాక్ష లారీలనే పోతది. మీ ఇష్టం మీది" అన్నాడు. ఆ సాయంత్రమే నలుగురు వచ్చి లారీ మాట్లాడుకున్నారు. అజ్జి అందరికీ ఉండలు పంచింది, ఆ వెనక నుంచి నవ్వినవాడికి తప్ప.

జనం పలచబడ్డాక నేను వంటింట్లోకి నీళ్ళు తాగడానికి పోయాను. అప్ప నా వెనకే వచ్చాడు. వాకిలి వైపు ఒకసారి చూసి, కిందికి వంగి, గొంతు తగ్గించాడు.

"చెన్నీ, గదే ఆఖరు కదా? దాని అవతల ఇంకేం లేదు కదా?"

నాకు మొదట అర్థం కాలేదు. "నువ్వు బొంబైల సూసినవ్ కదప్పా?"

అప్ప నేల చూపులు చూశాడు. "పాము దాంక సూసిన బిడ్డా. ఆఖరున్నదని దుకాణపాయన చెప్పిండు. కాకా అట్ల ధోకా అనేసరికి నోట్లకెల్లి వచ్చేసింది. ఇన్ని రోజులు నిద్ర పట్టలే."

లారీ మాట్లాడుకోవడానికి వచ్చిన రైతులు బయట ఆయన కోసం ఎదురుచూస్తున్నారు. లోపల ఆయన నా జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. మా అప్ప అంత పెద్ద మనిషి నన్ను అలా చూడడం నాకు కొత్త. కోపం వస్తుందేమోనని వెతుక్కున్నాను, రాలేదు. వచ్చిందల్లా గర్వం. ఒళ్ళంతా నిండిపోయి, శాలువా కింద పట్టనంత గర్వం.

"గదే ఆఖరప్పా" అన్నాను. "నువ్వు చెప్పినట్టే ఉన్నది."

ఆయన నా తల మీద చెయ్యి వేసి, నిటారుగా నడుచుకుంటూ బయటికి పోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు, "విరూపాక్ష చెప్పిండు కదా" అనే ఆ ఒక్క మాట మీదే అల్లం తోలాడు. ఇప్పుడు అదే మాట మీద నేను తోలుతున్నాను. మా అప్ప బతికినన్నాళ్ళూ ఒకే ఒక్క అబద్ధం ఆడాడు. అది కూడా ఆ రోజు పొద్దు గూకకముందే నిజమైపోయింది. చేసింది నేను.